రెండూ పదికి మొరిగే కుక్కపిల్ల

నాయన పోయిన పదమూడో రోజు ఆయన కుక్కపిల్లను చేను నుంచి ఉరవకొండలోని నా అద్దె ఇంటికి తెచ్చుకున్నాను. చేలో ఇక ఎవరూ లేరు. బోరు ఎండిపోయి నాలుగు నెలలైనా నాయన ఆ రేకుల షెడ్డు వదల్లేదు. అందులోనే పడుకుని, ఒక రాత్రి నిద్రలోనే పోయాడు.

నేను ఏడవలేదు. ఏడుపు రావలసిన చోటును లోపల వెతికి నొక్కి చూసుకున్నాను. పన్ను పీకే ముందు సూది వేస్తే చిగుళ్లు ఎలా ఉంటాయో అలా ఉంది. సెలవు అయిపోయాక శాఖా గ్రంథాలయానికి వెళ్లి, పదమూడు రోజుల పత్రికలను తేదీల వరసలో సర్దాను. అక్కడ అది నా ఉద్యోగం. ఆ పని బాగానే చేశాను.

కుక్కపిల్లకు ఆరు నెలలుంటాయి. పేరు లేదు. నాయన దాన్ని ‘ఒరే’ అని పిలిచేవాడు. పగలంతా గడప దగ్గర పడుకునేది. రాత్రి రెండూ పదికి లేచి, నా మంచం దగ్గరికొచ్చి మొరిగేది. నా వైపే చూస్తూ, నాలుగు దాకా.

గోడకు అవతల పరుపులు కుట్టే ఇమాంసాబ్ ఇల్లు. ఆయన కూతురు ఫరీన్ కాన్పుకు వచ్చి ఉంది. బిడ్డకు ఇరవై రోజులు. మూడో రోజు పొద్దున ఇమాంసాబ్ గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏమప్పా దివాకరా, మీ నాయన ఒక్క దినమన్నా గొంతు పెంచి మాట్లాడలా. ఆయప్ప మిగిల్చిన అరుపులన్నీ ఈ కుక్కకే ఇచ్చిపోయినట్టుండాడే.”

“నేర్పిస్తానన్నా. రెండు మూడు దినాలు చూడు.”

“నేను చూస్తా. బిడ్డ చూడొద్దా? ఉలిక్కిపడి లేస్తాండాది.”

సాయంత్రాలు దాన్ని కొండ దాకా నడిపించాను. అన్నం ఆలస్యంగా పెట్టాను. కిటికీకి దుప్పటి కట్టాను. ఏదీ పనిచేయలేదు. గ్రంథాలయంలోని ఒక మనస్తత్వశాస్త్ర పుస్తకంలో, ఫలితం దక్కని పనిని ఏ ప్రాణి అయినా క్రమంగా మానుకుంటుందని ఉంది. మానే ముందు కొన్నాళ్లు ఆ పనినే మరింత ఎక్కువ చేస్తుందట. నాకు ఆ పద్ధతి నచ్చింది. అందులో నేను చేయవలసింది ఏమీ లేదు. రాత్రి అది మొరుగుతుంటే కళ్లు తెరుచుకుని, వెల్లకిలా, కదలకుండా పడుకున్నాను. అది మంచం కోడును గోకింది. నా చేతిని నాకింది. నేను కదల్లేదు. నాలుగు రాత్రులు అలాగే గడిచాయి. రోజురోజుకూ అరుపు పెరిగింది. పుస్తకం చెప్పినట్టే జరుగుతోందని అనుకున్నాను.

గురువారం రాత్రి అది మొరగలేదు. పద్ధతి ఫలించిందని నోటుపుస్తకంలో రాసుకున్నాను. సంతోషం లాంటిదేమీ కలగలేదు.

శుక్రవారం రాత్రి మళ్లీ రెండూ పదికి మొదలుపెట్టింది.

శనివారం పొద్దున ఇమాంసాబ్ ఈసారి నవ్వకుండా వచ్చాడు. గొర్రెలు కాసే మారెప్పతో మాట్లాడి వచ్చాడు. “రేపు పొద్దున తాడు తీసుకొని వస్తాడు. ఇచ్చేయ్. నువ్వేమీ అనుకోవద్దప్పా, మాకు వేరే దారి లేదు.”

తోవలో మారెప్ప కనిపిస్తే, దొడ్డి దగ్గర ఇది బతుకుతుందా అని అడిగాను.

“రెండు పెద్ద కుక్కలుండాయి సామీ. అవి ఉండనిస్తే బతుకుతాది.”

సరే అన్నాను. నాయన దగ్గర ఉండి, ఇంకా కదులుతున్నది అదొక్కటే. అది పోతే నాకేమవుతుందని ఆలోచించాను. ఏమీ కాదనే జవాబు వచ్చింది. ఆ జవాబుకు కొంచెం భయం వేసింది.

మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర మా పక్క చేను పాపన్న కలిశాడు.

“పిల్ల బాగుండాదా?”

“రాత్రంతా అరుస్తాండాదన్నా. రేపు మారెప్పకు ఇచ్చేస్తాండా.”

“అరుస్తాండాదా?” పాపన్న గ్లాసు దించాడు. “మీ నాయన ఉన్నెప్పుడు రెండే అరుపులు. కరెంటు వచ్చిందని లేపేది. ఆయప్పకు చెవులు యాడ వినపడతాయి? ఆయన లేస్తానే ఊరుకునేది. ఆయప్ప పోయిన రాత్రి మాత్రం తెల్లార్లూ అరిసింది. పందులొచ్చినాయేమోనని పండుకున్నాం మేము.”

“బోరు ఎండింది గదన్నా. కరెంటు వచ్చి ఏం చేస్తాడు?”

“మోటారు వేసేవాడు. నీళ్లు యాడుండాయి పెద్దాయనా అంటే, ఒకసారి చూద్దామప్పా అనేవాడు. దినామూ ఒకసారి చూద్దామే.” టీ ఊదుకున్నాడు. “మొన్న గురువారం రాత్రి మాకు కరెంటే రాలా. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. నిన్న బాగు చేసినారు.”

గురువారం. నేను టీ తాగడం పూర్తి చేసి ఇంటికి వెళ్లాను.

చేలో మోటారుకు నాయన మొబైల్ స్టార్టర్ బిగించుకున్నాడు. కరెంటు రాగానే ఆ స్టార్టరు ఆయన ఫోనుకు ఫోన్ చేస్తుంది. ఒకటి నొక్కితే మోటారు తిరుగుతుంది. పంటల బీమా ఓటీపీ ఆ నంబరుకే వస్తుందని ఫోనును నేను బతికించి ఉంచాను. నాయన పోయాడని తెలియనివాళ్లు ఫోన్ చేస్తుంటే సైలెంట్‌లో పెట్టి, ఆయన రేకు పెట్టెలో వేసి, చార్జరు వైరు బయటికి లాగి, నా మంచం కిందికి తోశాను.

పెట్టె తెరిచాను. ఎత్తని ఫోన్ల వరసలో మళ్లీ మళ్లీ ఒకే నంబరు, స్టార్టరుది. అన్నీ రెండూ పదికి. గురువారం లేదు.

ఆ రాత్రి ఫ్యాను ఆపి పడుకున్నాను. రెండూ పదికి మంచం కింద రేకు పెట్టె ఫోను అదురుకు సన్నగా వణికింది. ఇన్నాళ్లూ ఫ్యాను చప్పుడు మాటున వినపడలేదు. కుక్కపిల్ల లేచి, నా ముఖం దగ్గరికొచ్చి రెండుసార్లు మొరిగింది.

లేచి కూర్చున్నాను.

అది నోరు మూసుకుంది. తోక ఊపలేదు. పని అయిపోయినవాడిలా పక్కకు జరిగి నిలబడింది. ఎనిమిది రాత్రులు నేను దాని ముందు నాయనలాగే పడుకున్నానని అప్పుడు అర్థమైంది. అర్థమవడం మాత్రమే జరిగింది.

పెట్టెలోంచి ఫోన్ తీసి ఎత్తాను. రికార్డు చేసిన ఆడగొంతు. “మూడు ఫేజుల కరెంటు వచ్చింది. మోటారు వేయడానికి ఒకటి నొక్కండి.” నొక్కాను. పదమూడు కిలోమీటర్ల దూరంలో, చీకట్లో, ఎవరూ లేని చోట మోటారు తిరిగి ఉంటుంది. కాసేపటికి మళ్లీ ఫోన్. “బోరులో నీళ్లు లేవు. మోటారు ఆగిపోయింది.”

కుక్కపిల్ల తలుపు దగ్గరికి నడిచింది. తీశాను. వీధిలో స్తంభం దగ్గర ఉచ్చ పోసి, తిరిగొచ్చి గడప దగ్గర ముడుచుకుంది. ఫోను పక్కనున్న మీట మీద నా బొటనవేలు ఉంది. గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆరిపోతుంది. ఇక ఏ రాత్రీ ఎవరూ మొరగరు. చాలాసేపు అలా ఉంచి, తీసి, మళ్లీ చార్జింగులో పెట్టాను.

పొద్దున మారెప్ప తాడుతో వచ్చాడు. ఇమాంసాబ్ కూడా బయటికొచ్చాడు.

“రాత్రి రెండు అరుపులే అరిసింది. మందు పెట్టినావా ఏందప్పా?”

“లేదన్నా. లేచినా.”

“నువ్వు లేస్తే ఊరుకుంటాదా?”

“ఊరుకుంటాది.”

“ఇన్ని దినాలూ లేసింటే పోయేది గదప్పా.” గోడకు అవతల బిడ్డ ఏడ్చింది. ఇమాంసాబ్ అటు తల తిప్పి, “అది ఆకలి ఏడుపులే,” అన్నాడు. “ఆ రెండు అరుపులూ లేకుండా చూసుకో. మారెప్పా, నువ్వు పోరా నాయనా.”

మారెప్ప తాడు చుట్టుకుని భుజాన వేసుకున్నాడు.

ఆ సాయంత్రం అలారం పెట్టుకున్నాను, రెండూ తొమ్మిదికి.