వత్తు మీట

ఆ ఇంటి కోడలికి కంప్యూటరు కీబోర్డులు కట్టడం సరదా. ఉద్యోగం మాత్రం వాషింగ్ మెషిన్లలో ఉండే బుల్లి చిప్పులకు ప్రోగ్రాములు రాయడం. కొందరు తీరికవేళ కుట్లూ అల్లికలూ పెట్టుకుంటారు, ఈవిడ తీగలు అతికే సోల్డరింగ్ పెట్టుకుంది. పడగ్గదిలో మూల బల్ల మీద ఎప్పుడూ స్విచ్చీల డబ్బాలు, తీగముక్కలు, కాలిన వాసన. "ఈ పిల్ల కాపురానికొచ్చిందా, రిపేరు షాపు పెట్టుకోడానికొచ్చిందా?" అని అత్తగారు మొదట్లో అనేవారు గానీ, ఆగిపోయిన మిక్సీని కోడలు బాగుచేసిన రోజు నుంచి ఆ మాట మానేశారు.

మామగారిది సినిమాల పని. పరాయి భాషల సినిమాల్లో మనుషులు మాట్లాడుతుంటే తెర అడుగున తెలుగులో మాటలు పడుతుంటాయే, అవి రాసేవారు. ఆఫీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన్ని నిలబెట్టింది ఆ పనే. చాలామందిలాగే ఆయనా ఇంగ్లీషు అక్షరాలు కొడతారు, కంప్యూటరు వాటిని తెలుగు చేసి చూపిస్తుంది. ఎల్ ఒకసారి కొడితే ల, రెండుసార్లు కొడితే ల్ల. అదే మీటని షిఫ్టుతో కలిపి కొడితే ళ, ళ్ళ. పోయినేడాది ఆయన పాత కీబోర్డు అవస్థ చూడలేక కోడలు కొత్తది కట్టిచ్చింది. లోపల వేలెడంత మైక్రోకంట్రోలర్ చిప్పు, పైన ఆయన చేతి కొలతకు అమర్చిన మీటలు. ఏ మీట నొక్కితే ఏం పడాలో చెప్పే ఫర్మ్‌వేర్ కూడా ఆమే రాసి అందులోకి ఎక్కించింది. ఇంటికి ఎవరొచ్చినా మామగారు దాన్ని చూపించకుండా పంపేవారు కాదు.

అలాంటిది, ఒక సినిమా వెనక్కి వచ్చింది. అందులో ప్రేమికుడు వానలో తడుస్తూ "చెలీ, నా కల నువ్వే" అంటాడు. తెర మీద మాత్రం "చెల్లీ, నా కల్ల నువ్వే" అని పడింది. పనిచ్చే కంపెనీ మేనేజరు ఫోను చేసి, కడుపుబ్బ నవ్వి, ఉన్నట్టుండి నవ్వడం ఆపేశాడు. సినిమా నిండా ఇలాంటివే ఉన్నాయన్నాడు. ఇంకోసారి ఇలా వస్తే పని వేరేవాళ్ళకి ఇచ్చుకుంటామన్నాడు.

"అమ్మాయ్, నీ కీబోర్డుకి నత్తి వచ్చింది," అన్నారు మామగారు. "ఎల్ ఒకసారి కొడితే రెండుసార్లు పడుతోంది."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మధ్యలో ఆ పిల్ల కీబోర్డేం చేసిందండీ?" అన్నారు అత్తగారు, సరదాకే. మామగారు కీబోర్డు ఊడదీసి కోడలి చేతిలో పెట్టారు.

కోడలికి మాత్రం ఈ నత్తి వింతగా అనిపించలేదు. మీట నొక్కినప్పుడు లోపలి రేకులు ఒక్కసారిగా అతుక్కోవు, నేలకేసి కొట్టిన బంతిలా ఎగిరెగిరి పడతాయి. ఒక నొక్కు నాలుగు నొక్కులుగా పడకూడదంటే, మొదటిది వినగానే కాసేపు చెవులు మూసుకోమని ఫర్మ్‌వేర్‌కి చెప్పాలి. సెకనులో వెయ్యో వంతులు ఐదు చాలు. ఆమె పది చేసింది. ఎందుకైనా మంచిదని స్విచ్చి కూడా మార్చింది. ఫర్మ్‌వేర్ మళ్ళీ చిప్పుకి అర్థమయ్యేలా కంపైల్ చేసి, కీబోర్డు అడుగున ఉన్న రీసెట్ బటన్ను పిన్నుతో నొక్కింది. అలా నొక్కితే అది తాను కీబోర్డునన్న సంగతే మరిచిపోయి, కంప్యూటరుకి ఖాళీ పెన్‌డ్రైవులా కనిపిస్తుంది. అందులో ఫైలు పడేస్తే మింగి, లైటు ఒకసారి ఆర్పి వెలిగించి, కొత్త బుద్ధులతో లేస్తుంది. ఈసారీ బుద్ధిగానే లేచింది.

నత్తి మాత్రం పోలేదు. ఆమె స్వయంగా కూర్చుని పేజీలకి పేజీలు కొట్టి చూసింది. ఒక్క ఎల్ కూడా తప్పు పడలేదు. మామగారు కూర్చుంటే మళ్ళీ మొదలు. చివరికి, ఎల్ మీద పడే రెండు నొక్కుల మధ్య ఎంత వ్యవధి ఉందో చెప్పమని ఫర్మ్‌వేర్‌కే పురమాయించింది. దాదాపు సెకనులో ఐదో వంతు అని చెప్పింది అది. రేకులు అంత తీరిగ్గా ఎగరవు. అలా పడేది వేలు.

ఎల్ మీట కుడిచేతి ఉంగరం వేలిది. ఆ సాయంత్రం టీ తాగేటప్పుడు ఆమె మామగారినే చూస్తూ కూర్చుంది. కప్పు ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి తొడ కిందకి దోపుకుని, ఆ చేత్తో ఏ పనీ లేనట్టు కూర్చున్నారాయన.

ఆమెకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. భర్తకు చెబితే ఊ అంటాడు. అతను అన్నిటికీ ఊ అనే మనిషి. అత్తగారికి చెబితే ఇల్లు పీకి పందిరేస్తారు. మామగారికే చెబుదామంటే ధైర్యం చాల్లేదు. ఆమె భయపడింది, అంతే. భయపడ్డ ఇంజనీర్లు చేసే పనే తనూ చేసింది: ఒక అంకె మార్చింది. ఎల్ మీటకి పది ఉన్నచోట రెండొందలు, అంటే ఆ ఐదో వంతు సెకను, పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఎక్కించేసింది. ఇక ఆ వేలు రెండోసారి తగిలినా కీబోర్డు వినిపించుకోదు. పాము చావకుండా, కర్ర విరగకుండా పని జరిగిపోయిందనుకుంది.

తెలుగువాళ్ళ సంసారమంతా ఆ ఒక్క మీట మీదే ఉందన్న సంగతి ఆమెకు తట్టలేదు. ఇల్లు, తల్లి, పిల్లలు, పెళ్ళి, కళ్ళు, నీళ్ళు, అన్నిటికీ ఎల్ వెంటవెంటనే రెండుసార్లు కొట్టాలి. ఈ మధ్య మామగారి వేగం కూడా తగ్గింది. ఆయన కావాలని కొట్టే రెండో ఎల్ కూడా, వేలు దానంతటది కొట్టే రెండో ఎల్ పడ్డంత సేపటికే పడుతోంది. ఏది మనసులోంచి వచ్చిందో, ఏది వణుకులోంచి వచ్చిందో కీబోర్డుకేం తెలుసు? రెండిటినీ మింగేసింది.

మర్నాడు రాత్రి భోజనాల దగ్గర మామగారు ఫోను తీసి పైకి చదివారు. "'తలి లేని పిలలు ఇలు చేరారు.' ఇదీ నేను రాసిన వాక్యం. పంపే ముందు చూసుకున్నా కాబట్టి బతికిపోయా. నిన్నటిదాకా వత్తులు కక్కింది, ఇప్పుడు మింగుతోంది."

కోడలు లేచి మజ్జిగ గిన్నె తెచ్చింది.

"సరిచేసి పంపడానికి ఇంకాస్త గడువు కావాలని మేనేజరుని అడిగాను," అన్నారు మామగారు. "లోపం మిషన్లోనే ఉందని తెలిసినవాళ్ళెవరైనా రెండు ముక్కలు రాసిస్తే, ఈ సినిమా మనకే ఉంచుతాట్ట. కట్టినదానివి నువ్వు, పైగా ఇంజనీరువి. రాసివ్వమ్మా."

"రాసివ్వమ్మా," అన్నారు అత్తగారు కూడా. "మీ మామయ్య రెండ్రోజుల్నుంచి తిండి సరిగ్గా తినట్లేదు."

"ఊ," అన్నాడు భర్త.

"అలాగేనండి," అంది కోడలు.

కానీ తెల్లవారాక ఆమె రాసింది ఉత్తరం కాదు, ఇంకో ఫర్మ్‌వేర్. బొటనవేలు ఆనేచోట ఏ పనీ లేని మీట ఒకటి ఉంది. దాన్ని నొక్కితే అంతకుముందు పడిన అక్షరమే మళ్ళీ పడేలా చేసింది. దానికి వత్తు మీట అని పేరు పెట్టి, కీబోర్డు పట్టుకెళ్ళి మామగారి బల్ల మీద పెట్టింది.

"ఎల్ రెండోసారి కొడితే ఇది వినదండి. వత్తు కావాలంటే బొటనవేలితో ఈ మీట నొక్కండి."

ఆయన ఐ కొట్టారు, ఎల్ కొట్టారు, వత్తు మీట నొక్కారు, యూ కొట్టారు. తెర మీద ఇల్లు పడింది. "భలే!" అన్నారు. తల్లి కొట్టారు. పిల్లి, బల్లి, నల్లి, అన్నీ కొట్టారు. కొట్టి కొట్టి, ఆగారు.

"స్విచ్చి కొత్తదే కదా?"

"కొత్తదేనండి."

"మరి కొత్త స్విచ్చికి ఈ వినకపోవడాలెందుకు?"

ఆ రెండు ముక్కలూ రాసిచ్చేసి ఉంటే ఈ ప్రశ్న వచ్చేది కాదు. ఇప్పుడైనా ఏదో ఒక సాకు చెప్పవచ్చు. యంత్రాల సంగతి కాబట్టి ఆయన నమ్మేస్తారు కూడా.

"కీబోర్డులో ఏ లోపమూ లేదు మామయ్యగారూ," అంది. "మీ ఉంగరం వేలు వణుకుతోంది."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది కావట్లేదు. మామగారు కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎండాకాలం నుంచి," అన్నారు. "లోపం కీబోర్డులో ఉందని నువ్వంటే, నాలో లేదనుకుందామని."

"డాక్టరుకి చూపిద్దామండి."

"డాక్టరంటే కాదమ్మా నా భయం. పని పోయినా ఎలాగో గడుస్తుంది. ఇది బయటపడిందనుకో, మీ అత్తయ్య నా చొక్కాకి గుండీలు పెడుతుంది. ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది. నేను అలా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు."

"ఏ వేలు?" అన్న మాట వినిపించి ఇద్దరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో అత్తగారు, చేతుల్లో మడతపెట్టిన బట్టలు. ఆవిడ బట్టలు మంచం మీద పెట్టి, ముందు కోడలి వైపు తిరిగారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న, అత్తయ్యా."

"మొన్న తెలిసి, పోయి కీబోర్డుకి చెప్పుకున్నావు. నాకు చెప్పలేదు!"

ఆ మాటలో అబద్ధం లేదు. తర్వాత మామగారి వంతు వచ్చింది.

"మీ గుండీలు ఊడినప్పుడల్లా కుట్టిందెవరండీ? కుట్టేటప్పుడు లేని సిగ్గు, పెట్టేటప్పుడు ఎక్కణ్ణుంచొచ్చింది? ఇన్నేళ్ళకి నేను పరాయిదాన్నయ్యానా?"

"కుట్టడం వేరు," అన్నారు మామగారు, మెల్లగా. "పెట్టడం వేరు."

ఆవిడ ఏడ్చేశారు. ఏడుస్తూనే మంచం మీది బట్టలు బీరువాలో సర్దారు.

ఉత్తరం ఆ సాయంత్రం మామగారే రాసుకున్నారు. కీబోర్డులో లోపం లేదని, తన కుడిచేతి వేలు వణుకుతోందని, వైద్యం చేయించుకోబోతున్నానని, ఇకపై ప్రతి సినిమాకీ ఎక్కువ సమయం కావాలని రాశారు. వత్తు మీట వాడుకుంటూ, ఆగి ఆగి, అంతా తానే కొట్టారు. మేనేజరు జవాబు చిన్నది: "ఈ సినిమా నిదానంగా చెయ్యండి. తర్వాతవి చూద్దాం." చూద్దాం అన్నది ఎటైనా తిరగగల మాట. మామగారు దాన్ని రెండుసార్లు చదివి ఫోను పక్కన పెట్టారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు కారు వచ్చి వీధిలో హారన్ కొట్టింది. మామగారు అద్దం ముందు చొక్కా తొడుక్కుంటున్నారు. పై గుండీ పట్టింది. రెండోది కాజాలోకి వెళ్ళినట్టే వెళ్ళి జారింది. మళ్ళీ పట్టారు, మళ్ళీ జారింది.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ కుడిచెయ్యి ముందుకు లేవడం వెనకనే ఉన్న కోడలు చూసింది. అది దారిలోనే ఆగింది. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నారు. వేళ్ళు తెల్లబడ్డాయి. కింద హారన్ మళ్ళీ మోగింది.

"నిదానంగా కానివ్వండి," అన్నారావిడ. "ఇంకా బోలెడు టైముంది."

డాక్టరు రమ్మన్న వేళ అప్పటికే దాటిపోయింది.