చర్చిలో పట్టుకున్న చెయ్యి

ఇలా దగ్గరికి జరుగు అనికా, ఆ ఫోన్ అవతల పెట్టు. నాగమల్లేశ్వరి సంగతి చెప్తాను. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ పురిటికని అమెరికాలో ఈ నేపర్‌విల్ వచ్చానే, రెండువేల ఎనిమిదిలో, అప్పుడు మన కింది అపార్ట్‌మెంట్‌లో ఉండేది ఆ పిల్ల. తను చెప్పుకున్నదే చెప్తున్నాను, నేను కల్పించింది లేదు.

ఆదివారం అంటే ఆ ఇంట్లో బిర్యానీ. మొగుడు శ్యామ్‌సుందర్ స్నేహితులు ఐదుగురు పదకొండింటికల్లా దిగేవాళ్లు. ఉల్లిపాయలు వేయించడం దగ్గర్నుంచి గిన్నెలు తోమడం దాకా అంతా ఆ పిల్లదే. "నీకేం పని, డిష్‌వాషర్ ఉంది, వాషింగ్ మెషీన్ ఉంది, మహారాణివి" అనేవాడు, వచ్చినవాళ్లందరూ వినేలా. మొగుడి వెంట వచ్చిన వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదట. కారు నేర్పిస్తానని మూడేళ్ల నుంచీ అంటూనే ఉన్నాడు. తెనాలిలో తొమ్మిదేళ్లు పాట నేర్చుకున్న పిల్ల. కాపురానికి వచ్చిన కొత్తలో పొయ్యి దగ్గర సన్నగా రాగం తీస్తూంటే, "తల పగిలిపోతోంది, ఆ రాగాలు ఆపు" అన్నాడు. అత్తగారితో చెప్పుకుంటే, "వాడికి చిన్నప్పట్నుంచీ గోల గిట్టదమ్మా" అని ఫోన్‌లో ఆవిడ. సరే, పాడడం మానేసింది. నోరు ఆగింది గానీ చెయ్యి ఆగలేదు. పప్పు ఉడుకుతున్నా, బట్టలు మడతపెడుతున్నా మధ్యమధ్య తొడ మీద తాళం పడుతూనే ఉండేది. తనకే తెలిసేది కాదు.

ఒక ఆదివారం వచ్చినవాళ్లు తిని వెళ్లాక, రాత్రికి పెరుగు లేదని కొట్టుకి నడిచి వెళ్తోంది. రెండు వీధుల అవతల చర్చి తలుపులు బార్లా తీసి ఉన్నాయి, లోపల ఫిడేళ్లు. వెళ్లి వెనక కుర్చీలో కూర్చుంది. ముప్ఫై కుర్చీలు, అంతే. మైకు లేదు. రెండు ఫిడేళ్లు, వాటికన్నా కాస్త పెద్దది ఒకటి, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించేది ఇంకొకటి. వాయించేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా వినబడేదట. ప్రతి నెలా మొదటి ఆదివారం మూడింటికి, ఎవరైనా రావచ్చు అన్నారు. ఇక ఆ రోజుకి చకచకా గిన్నెలు తోమేసి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ పరుగు. నెలకి ఆ గంటన్నరే తనది.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఒకసారి పలకరింపుల్లో, మోకాళ్ల మధ్య వాయించే ఆయన శ్యామ్‌సుందర్ ఆఫీస్‌లో మేనేజర్ బిల్ అని తేలింది. "మీ ఆవిడ ప్రతిసారీ వస్తుంది" అని ఆయన అనేసరికి, ఐదో నెల ఇతగాడు కోటు వేసుకుని తనూ బయల్దేరాడు, ముందు వరసలో కూర్చుందామన్నాడు. ఒక పాట మూడేసి దెబ్బల్లో నడిచిందట, అచ్చం మన రూపక తాళం. పిల్ల చెయ్యి తొడ మీద రెండు దెబ్బలు, ఒక విసురు, మళ్లీ రెండు దెబ్బలు. చప్పుడు కూడా లేదు. "ఇదేమన్నా శ్రీరామనవమి పందిరి అనుకున్నావా? బిల్ చూస్తున్నాడు" అని చెవిలో అని, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్లు కదలకుండా బిగించి పట్టుకున్నాడు. చివరిదాకా వదల్లేదు. "ఆ తరవాత పాట వినబడలేదు పిన్నిగారూ, నా వేళ్లే వినబడ్డాయి" అంది నాతో.

అయిపోయాక కాఫీ పోసే ముసలావిడ రూత్ నవ్వుతూ వచ్చింది. "ఎంత ముచ్చటగా ఉన్నారు! మీ ఆయన గంటసేపు మీ చెయ్యి వదల్లేదు" అంది. బిల్ కూడా పక్కనే ఉన్నాడు. శ్యామ్‌సుందర్ ముఖం వెలిగిపోయింది, థాంక్యూ థాంక్యూ అంటున్నాడు. నాగమల్లేశ్వరి కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, తనకి వచ్చిన ఇంగ్లీషులో మెల్లగా అంది: "నో మేడమ్. హీ ఈజ్ నాట్ హోల్డింగ్. హీ ఈజ్ స్టాపింగ్."

రూత్ ఒక్కతే ఆ పిల్ల వేళ్ల వంక చూసింది.

కార్‌లో అతను రుసరుసలాడాడు. "మేనేజర్ ముందు పరువు తీశావు. ఇక ఆ చర్చికి వెళ్లేది లేదు."

"మీరు రాకండి" అంది.

"ఏమన్నావు?"

"నేను వెళ్తాను. మీరు రాకండి."

తరవాతి నెల మొదటి ఆదివారం, ఇంకా ముగ్గురు తింటూండగానే చేతులు కడుక్కుని, "రైతా ఫ్రిజ్‌లో ఉంది, గిన్నెలు సింక్‌లో ఉన్నాయి" అని చెప్పి చెప్పులు వేసుకుంది. మన బాల్కనీలోంచి చూశాను నేను, నిన్ను భుజాన వేసుకుని. తల తిప్పకుండా వెళ్లింది.

ఇది గుర్తుపెట్టుకో తల్లీ. నీ స్నేహితురాళ్లకి చెప్పు, ఇంగ్లీషులో చెప్పినా సరే. రక్తి కట్టాలని కొట్టాడని మాత్రం కలపకు. అతను కొట్టలేదు. చెయ్యి పట్టుకున్నాడు, అంతే. ఆ 'అంతే' దగ్గర కాస్త ఆగి చెప్పు.