గోరింకల మేత

మా ఇంటి ముందు గడ్డి పాడైపోయిందని అమలాపురంలో నన్నెరిగిన వాళ్ళందరూ ఒక్కొక్కరుగా వచ్చి చెప్పి వెళ్ళారు. నాకు కళ్ళు లేవనుకున్నారో ఏమో! పొద్దున్నే గేటు దాకా నడిచేది నేను, ఆ పసుపు మచ్చలు మొదట చూసిందీ నేను. అయినా సరే, గేటు తీస్తూనే "టీచరు గారండీ, మీ లాను చచ్చిపోతోందండీ" అని కేకేసేవారు. ముందు గదిలో మంచం మీద మనిషి ఉన్నాడు, చావు మాట కిటికీలోంచి నేరుగా ఆయన చెవిన పడుతుందన్న ఇంగితం ఒక్కరికీ లేదు.

ఆ మనిషి మా ఆయన, ఇమ్మానుయేలు. వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. రాజోలు, కొత్తపేట, మండపేట, ఎక్కడ పనిచేసినా చేలగట్ల మీద నిలబడి ఏ పురుగుకి ఏ మందో రైతులకి చెప్పడమే ఆయన ఉద్యోగం. ఇప్పుడు ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. కాకినాడలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఇంక ఇంటికి తీసుకెళ్ళండమ్మా. ఆయనకి ఇష్టమైనట్టు ఉంచండి" అన్నాడు. ఎలా ఉంచాలో మాత్రం చెప్పలేదు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తగిలించి, ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేయించాను. వచ్చిన రోజు నుంచి ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. టీవీ వద్దన్నారు, పేపరు వద్దన్నారు. నేను మాట్లాడితే ఊఁ కొట్టేవారు, అంతే.

ఇక గడ్డి సంగతి. అది నా గడ్డి. మా అమ్మ రాహేలు ఆసాముల పశువులకి గడ్డి కోసి మోపులు మోసింది. తడి మోపు నెత్తిన పెట్టుకుంటే నీళ్ళు మెడ మీదుగా కారి రవికంతా తడిసిపోయేది. నేను ఉద్యోగం చేసి ఇల్లు కట్టుకున్నప్పుడు, ముందు జాగాలో నాలుగు కొబ్బరి మొక్కలు పెట్టుకోమని అందరూ చెప్పారు. వినలేదు. గడ్డే వేస్తానన్నాను. ఏ గేదె కోసమూ కాని గడ్డి, ఎవరూ నెత్తిన మొయ్యక్కర్లేని గడ్డి. అమ్మ ఉన్నన్నాళ్ళూ "పాడి లేని కొంపలో పచ్చగడ్డేంటే, పిచ్చిమొహమా" అని నవ్వేది. నవ్వుతూనే సాయంత్రం పూట దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది.

ఈ ఏడు వానలకి ముందు గడ్డి కాస్త పల్చబడితే, పక్కింటి తాతబ్బాయి గారు తన కొబ్బరితోటలోంచి ట్రాక్టరు మీద పెంట తోలించారు. మా కోనసీమలో దేనికైనా పెంటే మందు. కొబ్బరికి పెంట, అరటికి పెంట, కనకాంబరానికి పెంట. మాగిందా లేదా అని చూసేవాడు మాత్రం ఉండడు. మా ఆయనైతే గుప్పెడు తీసి పిసికి, వాసన చూసి, "ఇది ఇంకా పచ్చిదయ్యా, వెనక్కి తోలుకెళ్ళు" అనేవారు. ఆయన అప్పటికే కాకినాడలో ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. తొలకరి పడగానే పెంకు పురుగులు ఆ పచ్చి పెంట వాసనకి చేరి, గడ్డి మొదళ్ళలో గుడ్లు పెట్టుకున్నాయి. అవి పిల్లలై, వేళ్ళు కొరుక్కుతింటున్నాయని పైకి ఎవరికీ తెలీదు. గడ్డికి నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా ఇంకా నీళ్ళు పెడతాం. అవి ఇంకా సుఖంగా తింటాయి.

మచ్చలు కనబడిన వారానికే గోరింకలు దిగాయి. వాటి వెనక కాకులు, వాటి వెనక తెల్ల కొంగ ఒకటి. తెల్లారేసరికి కిటికీ కింద ఒకటే గోల, ముక్కులతో గడ్డి పెళ్ళగించి పారెయ్యడం. నేను చీపురుకట్ట పట్టుకుని బయటికి పరిగెత్తబోతుంటే లోపల్నించి ఆయన గొంతు వినబడింది.

"నాగమణీ, ఉండు. కొట్టకు."

వెనక్కి తిరిగి చూస్తే ఆయన గోడ వైపు లేరు. కిటికీ వైపు తిరిగి, మోచెయ్యి ఆనించి లేవబోతున్నారు. కొంగ తెల్లటి ఒళ్ళేసుకుని, ఆచితూచి అడుగులేస్తూ గడ్డిలో నడుస్తోంది.

"పాస్టరు గారొచ్చేరు," అన్నారు.

నేను ఫక్కున నవ్వాను. మా చర్చి సీమోను పాస్టరు గారు తెల్ల లాల్చీ వేసుకుని అచ్చం అలాగే నడుస్తారు మరి. ఆయనా నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వారు. కాకినాడ నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ పూట రెండు ఇడ్లీలు తిన్నారు. అప్పట్నించి రోజూ తెల్లారక ముందే "కూర్చోబెట్టు" అనేవారు. దిండ్లు ఎత్తు పెడితే ఎండ ఎక్కేదాకా ఆ పక్షుల్నే చూసేవారు. ఏ గోరింక దేంతో తగువాడిందో, కూకుడుగువ్వ తల మీది ఈకల కిరీటం ఎన్నిసార్లు విప్పిందో నాకు చెప్పేవారు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ చెప్పేవారు. నేను పని మానేసి వినేదాన్ని.

ఇదంతా బాగానే ఉంది గానీ, అవతల నా గడ్డి పోతోంది. ఓ రోజు ఒక మచ్చ దగ్గర కూర్చుని పట్టుకు లాగితే, గడ్డి చాపలా చుట్టుకుని పైకి వచ్చేసింది. వేళ్ళు లేవు. కింద మట్టిలో తెల్లగా, ఎర్రటి తలకాయలతో, వంకర తిరిగి పడుకున్న పురుగులు. నా ఒళ్ళు మండిపోయింది. ఇంతకాలం ఈ మనిషితో కాపరం చేసినదాన్ని, వేరు పురుగుకి ఏం చెయ్యాలో నాకు తెలీకపోతే కదా! నీళ్ళు తగ్గించాలి, వేపపిండి చల్లాలి, పురుగుకి బూజు పట్టించి చంపే పొడి ఒకటుంది, దాన్ని మాగిన ఎరువులో కలిపి సాయంత్రం పూట తడి నేల మీద వెయ్యాలి. ఆటో ఎక్కి బజారుకెళ్ళి రెండూ తెచ్చాను. ఘాటు మందులు వాడితే ఆయనకి ఊపిరాడదు, ఈ పొడికి వాసనుండదు. గొప్ప తెలివైన పని చేశాననుకుంటూ సంచీ గుమ్మంలో దింపాను.

"ఏంటవి?" అన్నారు ఆయన.

"వేపపిండండీ. బూజు పొడి కూడా తెచ్చేను. గడ్డికి వేరు పురుగు పట్టింది."

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నించి?"

"గోరింకలు దిగిన రోజునే. ఊరికే దిగవు కదా అవి."

"తెలిసీ నాకు చెప్పలేదా? అంతా పోయేదాకా చూస్తూ కూర్చున్నారా? మీ ఉద్యోగమే అది కదండీ! ఊళ్ళో వాళ్ళందరి చేలూ బాగుచేసేరు, నా గుమ్మం ముందు గడ్డి మీకు పట్టలేదా?"

ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నారు. తర్వాత నా మొహం వైపు చూడకుండా అన్నారు.

"చెబితే మందేస్తావు. పురుగు పోతే అవి రావు."

నేను వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ ఎత్తెత్తి వేశాను. గడ్డి మీద కోపం, పెంట మీద కోపం, ఆయన మీద కోపం. చెంబు దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకున్నాక, ఆ గోడకే ఆనుకుని కూర్చుని ఏడ్చాను. ఆ మనిషి బతుకంతా పురుగుల్ని చంపమని చెప్పి, ఇప్పుడు నాలుగు రోజులు ఉండనిమ్మని అడుగుతున్నాడు. అదీ నోరు తెరిచి అడగలేదు, నేను తిడితే చెప్పాడు. గడ్డి మళ్ళీ వేసుకోవచ్చు. ఆయన్ని మళ్ళీ ఎక్కణ్ణించి తెచ్చుకుంటాను?

సంచులు వెనక వరండాలో పడేశాను. మర్నాడు పక్షులు రాకముందే పార తీసుకుని కిటికీ కింద జానెడు గడ్డి నా చేత్తో నేనే పెళ్ళగించి తిప్పేశాను. పురుగులు పైకి తేలాయి. గోరింకలకి ఇంక వెతుక్కునే పనే లేకపోయింది. ఆయన దిండుకి ఆనుకుని చూస్తున్నారు. ఆ రోజు నుంచి రోజుకి కాస్త చొప్పున తిప్పుతూ వచ్చాను. దారిన పోయేవాళ్ళు నిలబడి చూసేవారు. "దుఃఖానికి మతి చలించింది పాపం" అని ఒకావిడ గేటు దగ్గర అనడం విన్నాను. చలిస్తే చలించింది, నీకేం పోయిందే అనుకున్నాను.

అలా ఎన్నాళ్ళో సాగలేదు. వానలు తగ్గుముఖం పట్టి, పొద్దుటి పూట మంచు పడడం మొదలైంది. ఎంత తిప్పినా మట్టే తప్ప పురుగు కనబడదు. గోరింకలు ఒకటీ అరా వచ్చి, నాలుగడుగులు నడిచి, ఎగిరిపోయేవి. కొంగ రావడం మానేసింది.

"చలి తగిలింది కదా, లోతుకి దిగిపోతాయి," అన్నారాయన, రైతుల మీటింగులో చెప్పినట్టు. "కింద గూడు కట్టుకుని పడుకుంటాయి. మళ్ళీ తొలకరికి గానీ పైకి రావు."

మళ్ళీ తొలకరికి. ఆ మాట ఇద్దరం విన్నాం. ఆయన మెల్లిగా గోడ వైపు తిరిగిపోయారు. మర్నాడు కూర్చోబెట్టమని అడగలేదు. జావ రెండు చెంచాలు తాగి చాలన్నారు.

ఆ గురువారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. సీమోను పాస్టరు గారు, స్త్రీల సమాజం వాళ్ళు వచ్చి మంచం చుట్టూ చాపల మీద కూర్చున్నారు. పాస్టరు గారు పాపం మంచివాడే, ఆయన్ని అనడానికి లేదు. వస్తూ వస్తూ ముందు జాగా అంతా చూసినట్టున్నారు. ఇమ్మానుయేలు గారి ఊపిరి కోసం ప్రార్థించి, నా ధైర్యం కోసం ప్రార్థించి, ఆఖర్న గొంతు పెంచి, "ప్రభువా, ఈ గృహాన్ని పట్టిన ప్రతి పురుగునీ, ప్రతి తెగులునీ వేళ్ళతో సహా తీసివెయ్యి తండ్రీ" అన్నారు. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. నేను అనలేదు. పుట్టి బుద్ధెరిగాక ప్రార్థన చివర ఆమెన్ అనకుండా ఉండడం అదే మొదటిసారి. తల వంచుకుని నా ప్రార్థన నేను చేసుకున్నాను. ప్రభువా, నాకు పురుగులు కావాలి. ఇంకొన్నాళ్ళు, ఆయన కిటికీ వైపు తిరగడానికి సరిపడా పురుగులు ఇయ్యి. ఇలాంటి మొర నీ దగ్గరికి ఇంకెవరూ తెచ్చి ఉండరు, నాకు తెలుసు. అయినా ఇయ్యి.

తెల్లారగానే బకెట్టు పట్టుకుని తాతబ్బాయి గారి కొబ్బరితోటలోకి వెళ్ళాను. పెంటకుప్ప ఎక్కి పారతో తవ్వుతుంటే ఆయన పాకలోంచి పరిగెత్తుకొచ్చారు.

"అయ్యబాబోయ్, టీచరు గారండీ! మీరు పెంటలో చెయ్యెట్టడం ఏంటండీ? దిగండి, దిగండి."

"కొమ్ము పురుగు పిల్లలు కావాలండీ. మీ కుప్పలో ఉంటాయి కదా."

"ఉంటే ఉన్నాయండీ, చెట్ల మొవ్వులు తొలిచేసే దరిద్రం. చంపి పారేస్తాం మేము. మీకెందుకండీ?"

"మా ఆయనకి."

తాతబ్బాయి గారు నోరు వెళ్ళబెట్టారు. ఈ మనిషి ముందు కూడా పిచ్చిదాన్నవుతానే అనిపించి ఉక్రోషం వచ్చింది.

"దిగనండీ. మీ నాన్నగారి రోజుల్లో ఈ కుప్ప ఎత్తింది మా అమ్మే. నాకేం కొత్త కాదు," అని, ఆగలేక మొత్తం చెప్పేశాను. గోరింకల సంగతి, గోడ వైపు తిరిగిపోవడం, జావ, అన్నీ. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. తాతబ్బాయి గారు నా చేతిలో పార తీసుకుని, పంచె ఎగ్గట్టి తనే కుప్ప ఎక్కారు. అడుగు దాకా తవ్వి, బొటనవేలంత లావు పురుగుల్ని ఏరి బకెట్టులో వేశారు.

"రేపు మీరు రాకండి. నేనే తెచ్చి గేటు దగ్గరెడతానండీ," అన్నారు.

కిటికీ కింద మట్టి తిప్పి వాటిని పైపైన కప్పాను. చంపాల్సిన పురుగుల్ని తెచ్చి నా గడ్డిలో నేనే నాటుకుంటున్నాను. లోపలికెళ్ళి ఆయన్ని లేపి, దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టాను. ముందు కాకి వచ్చింది. తర్వాత గోరింకలు, ఒకదాన్ని చూసి ఒకటి. గోల మొదలైంది. ఆయన తల ఎత్తారు.

చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చున్నాను. ఆయన చాలాసేపు చూశారు.

"ఎక్కడివి?" అన్నారు.

"మన గడ్డిలోవేనండీ. మళ్ళీ పైకి వచ్చినట్టున్నాయి."

"ఈ చలికి వేరు పురుగు పైకి రాదు, నాగమణీ." ఊపిరి తీసుకున్నారు. "తాతబ్బాయి పెంటలోవి. కొమ్ము పురుగులు. అవునా?"

అబద్ధం ఆడిందీ ఎవరితో! తల వంచుకున్నాను. "ఆయ్," అన్నాను.

ఆయన నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. ఎంత కడిగినా పెంట వాసన పోలేదు దానికి. రెండు చేతులతో పట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

"రేపు కాస్త దగ్గరగా వెయ్యి," అన్నారు చివరికి. "గోల వినబడుతోంది గానీ, అంత దూరం సరిగ్గా కనబడట్లేదు."

కిటికీ నుంచి అక్కడికి బెత్తెడు దూరం లేదు.

"అలాగేనండీ," అన్నాను.

మర్నాడు తాతబ్బాయి గారు తెచ్చిన పురుగుల్ని నేలలో వెయ్యలేదు. ఆయన అన్నం తినే స్టీలు పళ్ళెంలో పోసి, కిటికీ చువ్వల అవతల గట్టు మీద పెట్టాను. గోరింకలు మొదట జంకాయి. ఆయన మొహం చువ్వలకి ఆనేలా వెనక నుంచి పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఒకటి వచ్చి పళ్ళెం అంచు మీద వాలింది.