సీటు కింది వైరు

నేను మా మామను కాలితో తన్నాను. నిజమే, దాచుకునేదేమీ లేదు. పినపాకలో ఎవరిని అడిగినా చెబుతారు. మణుగూరు కాలనీలో చెబుతారు. ఆఖరికి వేంసూరులో మా చిన్నమామ ఇంటి చుట్టుపక్కల వాళ్ళు కూడా చెబుతారు. కోడలు ముసలాయన్ని తన్ని రాళ్ళ మీద పడేసిందట, భుజం ఎముక చిట్లిందట. అంతవరకే చెబుతారు. దానికి ముందు ఏం జరిగిందో ఒక్కరూ అడగరు. అడగకపోతే పోనీ, నేనే చెబుతాను.

మాది పినపాక పక్కన చిన్న మామిడి తోట. ఇల్లు తోటలోనే. మా ఆయన బాలకృష్ణ బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో ఫిట్టరు. గనివాళ్ళ గెస్ట్‌హౌస్‌లో లాన్ కోసే బండి పాతబడిందని వేలం వేస్తుంటే, నలుగురితో పోటీపడి పాడుకుని ఇంటికి తెచ్చాడు. చిన్న ట్రాక్టరులా ఉంటుంది. మనిషి పైన కూర్చుని నడిపితే కింద రేకు డొప్పలో బ్లేడ్లు తిరుగుతూ గడ్డి కోస్తాయి. కోసిన గడ్డి కుడి పక్కనున్న మూతిలోంచి బయటికి చిమ్ముతుంది. ఊరంతా వచ్చి చూసి గడ్డిబండి అని పేరు పెట్టింది. మా ఆయన నల్లద్దాలు పెట్టుకుని ఓ వారం తోటంతా తిరిగాడు. మోజు తీరింది. ఆ తర్వాత అది నా నెత్తిన పడింది.

గెస్ట్‌హౌస్‌లో పరుపులాంటి గడ్డి మీద తిరిగిన బండి అది. మా తోటలో రాళ్ళు, మోళ్ళు, తుంగ, తుమ్మ ముళ్ళు. వారానికోసారి టైరు పంక్చరు. గాలి ఫిల్టరు తీసి దులిపితే పిడికెడు దుమ్ము. ఆయిలు మార్చడం, బ్యాటరీలో నీళ్ళు చూడడం, బెల్టు జారితే ఎక్కించడం, అన్నీ నేనే నేర్చుకున్నాను. ఫిట్టరు పెళ్ళాన్ని కదా, నేర్చుకోక ఛస్తానా! ఫిట్టరు గారు మాత్రం డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు చాపుకుని, కొత్త సెల్‌ఫోన్‌లో పాము ఆట ఆడుకునేవాడు.

నాకు తోడు నిలిచింది మా మామ మంగయ్యే. బొగ్గుబావిలో ఏళ్ళ తరబడి డ్రిల్లు పట్టిన మనిషి. ఆ చప్పుడుకు రెండు చెవులూ పోయాయి. పక్కన పిడుగు పడినా తిరిగి చూడడు. ఇంట్లో మేమంతా ఆయనతో చేతి సైగలతోనే మాట్లాడతాం. బ్లేడ్లు విప్పి ఆకురాయితో పదును పెట్టేది ఆయనే. నేను బండి నడుపుతుంటే కుడి పక్కన నడుస్తూ వచ్చేవాడు. వానాకాలం పచ్చిగడ్డి మూతిలో అడ్డం పడి ముద్దకడుతుంది. అప్పుడు ఆయన చెయ్యి ఎత్తేవాడు. నేను సీటు మీంచి లేచేదాన్ని. లేస్తే బండి ఆగిపోతుంది. అది ఆ బండి కట్టుబాటు. సీటు కింద చిన్న స్విచ్చు ఉంటుంది. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి లేచినా పడిపోయినా ఇంజను చచ్చిపోవాలని కంపెనీ వాడు పెట్టాడు. నేను లేవడం చూసి మామ వంగి, బ్లేడ్లు నిలిచేందుకు నాలుగు క్షణాలు ఆగి, చెయ్యి పెట్టి గడ్డి లాగేసేవాడు. వినపడని మనిషికి నేను లేవడమే గుర్తు. రెండు వానాకాలాలు అట్లాగే గడిచాయి. ఆయన చేతికి చిన్న గీత కూడా పడలేదు.

చిక్కల్లా నా బరువుతో వచ్చింది. నేను బక్కదాన్ని. సీటు కింద స్ప్రింగు తుప్పు పట్టి బిరుసెక్కింది. గుంతలో చక్రం పడి నేను కాస్త ఎగిరితే చాలు, మనిషి లేచిపోయిందనుకుని బండి ఆగేది. మళ్ళీ మళ్ళీ స్టార్టు చేసేసరికి బ్యాటరీ దిగిపోయేది. నూనె పోశాను, తుప్పు గీకాను, కొంత నయమైంది గానీ పూర్తిగా పోలేదు.

"సీటు కింద స్ప్రింగు బిరుసుగున్నది. నా బరువుకు దిగుతలేదు. మెత్తటిది ఒకటి తెచ్చియ్యి" అన్నాను మా ఆయనతో.

"రెండు ముద్దలు ఎక్కువ తిను. స్ప్రింగెందుకు?" అని నవ్వాడు.

నవ్వులాట కాదని ఇంకోసారి చెప్పాను. ఖమ్మం పోయినప్పుడు తెస్తానన్నాడు. అక్కడ ఖానాపురం హవేలిలో దోస్తు గృహప్రవేశానికని పోయాడు. మిఠాయి డబ్బాతో తిరిగొచ్చాడు, స్ప్రింగు లేదు. మళ్ళీ పోయాడు, మళ్ళీ లేదు. జేబులో పట్టే స్ప్రింగు ముక్క! ఇంతా చేసి ఆయనకు ఆ ఏడు సేఫ్టీ వారోత్సవాల్లో ప్రైజు వచ్చింది. వేదిక ఎక్కి ప్రతిజ్ఞ తప్పుల్లేకుండా చదివినందుకు స్టీలు క్యారేజి ఇచ్చారు. ఆ క్యారేజిలోనే రోజూ నేను అన్నం పెట్టి పంపేదాన్ని.

మా చెల్లె కాన్పుకని నేను కొత్తగూడెం దవాఖానాకు పోయి వచ్చేసరికి మా ఆయన హుషారుగా ఉన్నాడు.

"బండి బాగు చేపిచ్చిన. మణుగూరు నుంచి మెకానిక్ జానీ వచ్చి చేసిపోయిండు. ఇగ ఎన్ని గుంతలల్ల తోలినా ఆగదు" అన్నాడు.

"స్ప్రింగు ఏసిండా?"

"ఆఁ, ఏసిండు తీ."

ఆ "తీ" అనడంలోనే ఉంది అబద్ధం. నాకు అందలేదు. పైగా సంతోషపడి ఆ పూట చేపల పులుసు చేసి పెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. పులుసు మూడుసార్లు వేసుకుని తిన్నాడు ఆ మనిషి.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చాక బండి తీశాను. నిజంగానే ఆగలేదు. ఏ గుంతలో పడినా ఆగలేదు. ఎంత హాయిగా ఉందో అనుకుంటూ బోరు పక్కకు తిప్పాను. అక్కడ గడ్డి ఒత్తుగా ఉంది. మూతి బిగిసిపోయింది. మామ చెయ్యెత్తాడు. ఎప్పటిలాగే నేను లేచాను. ఎప్పటిలాగే ఆయన వంగాడు.

బండి ఆగలేదు.

అది నాకు తట్టేసరికే ఆయన ఎప్పుడూ ఆగే నాలుగు క్షణాలూ అయిపోయాయి. "మామా!" అని అరిచాను. ఎవరికి వినపడాలి? తాళం తిప్పినా బ్లేడ్లు వెంటనే నిలబడవు, కాసేపు తిరిగి తిరిగి గానీ ఆగవు. ఆయన వేళ్ళు మూతి అంచు దాటుతున్నాయి. చేత్తో లాగుదామంటే అందడు. కాలు ఎత్తాను. ఉన్న బలమంతా పెట్టి ఆయన భుజం మీద తన్నాను. ఆయన వెల్లకిలా బోరు రాళ్ళ మీద పడ్డాడు. నేను తాళం తిప్పాను. ఇంజను ఆగింది.

మా అత్త పిచ్చమ్మ వసారాలో బియ్యం చెరుగుతోంది. ఆమె చూసింది నా కాలు ఒక్కటే.

"ఓర్నాయినో! ముసలోణ్ణి తన్నిందిరో! సంపిందిరో!" అని చేట పారేసి పరుగెత్తుకొచ్చింది.

ఆ కేకకు ఇంట్లో పడుకున్న మా ఆయన లేచి వచ్చాడు. నేను జరిగింది చెప్పాను. "నేను లేచిన. బండి ఆగలే. మామ చెయ్యి పెట్టవోయిండు."

ఆయన బండి వైపు చూశాడు. సీటు వైపు చూశాడు. మొహం పాలిపోయింది. అర్థమైంది. అక్కడ అందరికంటే ముందు అర్థమైంది ఆయనకే. అర్థమయ్యాక, వాళ్ళమ్మ చూస్తుండగా నా చెంప పగలగొట్టాడు.

"ముసలోణ్ణి తంతవా?" అన్నాడు.

తెలియక కొట్టి ఉంటే ఎప్పటికైనా మరిచిపోయేదాన్నేమో. తెలిసి కొట్టాడు.

మామను ఆటోలో దవాఖానాకు తీసుకెళ్ళారు. నేను ఉండిపోయి సీటు లేపి చూశాను. పాత స్ప్రింగు పాతచోటే ఉంది. స్విచ్చుకు పోయే రెండు వైర్లనూ కోసి, ఒకదానికొకటి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. డైరెక్టు చేశారన్నమాట. సీటు మీద మనిషి ఉన్నా లేకపోయినా బండికి ఇక పట్టదు. జానీకి ఫోన్ చేశాను.

"స్ప్రింగు లేదు, డైరెక్టు చెయ్యి అని అన్ననే అన్నడు. మరి ఇంట్ల అందరికి చెప్పు, లేచినా బండి ఆగదని మరీమరీ చెప్పిన వదినా. చెప్పలేదా?" అన్నాడు.

వైరు ముట్టుకోలేదు నేను. తాళం తీసి రొంటిన దోపుకున్నాను.

ఇంట్లో చెప్పి చూశాను. "బండి మీద పెడుతున్నవా నెపం?" అంది అత్త. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మామకు సైగలతో చెప్పబోతే ఆయన కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే ఆయనతో ఇక మాట్లాడే దారే లేదు. అది తెలిసే మూసుకున్నాడు. నాకు అన్నిటికంటే ఎక్కువ కడుపు మండింది అక్కడ. ఆయన చేతులు నిలబెట్టాను, ఆయనేమో నన్ను చూడడానికే ఇష్టపడలేదు.

ఆదివారం నాడు పంచాయితీ పెట్టారు. వేంసూరు నుంచి మామ తమ్ముడు భీమయ్య ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. మామిడి చెట్ల కింద కుర్చీలు వేశారు. చెయ్యి మెడకు కట్టుకుని మామ మధ్యలో కూర్చున్నాడు. ఆయన కాళ్ళ ముందు ఇత్తడి పళ్ళెం, చెంబుతో నీళ్ళు. నేను మామ కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుని, తప్పయిందని మొక్కాలి. లేదంటే బట్టలు సర్దుకుని పుట్టింటికి పోవాలి.

"చూడమ్మా సరితా, కాళ్ళు కడుగు, అంతటితో అయిపోతుంది. ఎందుకొచ్చిన గొడవ?" అన్నాడు భీమయ్య మెత్తగా.

"కడుగుత చిన్నమామా. కాళ్ళు కడగనీకె నాకేం నామోషీ లేదు. మొదలు బండి చూడుండ్రి."

"బండి ముచ్చట ఇప్పుడెందుకే?" అని మా ఆయన లేచాడు.

నేను ఆగలేదు. బండి మీద కప్పిన పట్టా లాగేసి, రొంటిన ఉన్న తాళం పెట్టి తిప్పాను. ముక్కీ మూలిగీ స్టార్టయింది. నడిపించుకొచ్చి సరిగ్గా మామ కుర్చీ ముందు నిలబెట్టాను. బ్లేడ్ల లివరు నొక్కాను. ఎండుటాకులు, దుమ్ము మూతిలోంచి చిమ్మాయి. అప్పుడు లేచాను. దిగి పక్కన నిలబడ్డాను. సీటు ఖాళీ. బండి హోరుమంటూనే ఉంది.

పెద్దమనుషులు చెవులు మూసుకున్నారు. "బందు చెయ్యమ్మా, ఏం చూపిస్తున్నావో మాకు తెలియట్లేదు" అని అరిచాడు భీమయ్య.

వాళ్ళకు తెలియదు. తెలియాల్సింది వాళ్ళకు కాదు. మామ నన్ను చూశాడు, ఖాళీ సీటును చూశాడు, దుమ్ము చిమ్ముతున్న మూతిని చూశాడు. మెల్లగా లేచి వచ్చి బానెట్టు మీద అరచెయ్యి ఆనించాడు. అదురు తెలిసింది. మళ్ళీ సీటు వైపు చూశాడు. బాగున్న చేత్తో సీటు లేపాడు. నల్ల టేపు చుట్టిన వైరు మీద ఆయన చూపు అట్లాగే ఉండిపోయింది.

"ఎవడు కట్టిండు ఇది?" అన్నాడు. వినపడని మనిషి గొంతు, ఇంజను హోరును మించి లేచింది.

మా ఆయన తల దించుకున్నాడు. చెవులతో పని లేకుండానే మామకు జవాబు దొరికింది. రెండడుగులు వేసి కొడుకు మణికట్టు పట్టుకున్నాడు.

"పెట్టు. నువ్వు పెట్టు చెయ్యి ఇందుల" అన్నాడు.

కొడుకు నవ్వబోయాడు. మామ లాగాడు. ఒంటి చెయ్యే, కానీ జీవితమంతా డ్రిల్లు పట్టిన చెయ్యి. మా ఆయన వెనక్కి తన్నుకుంటూ మోకాళ్ళ మీద పడ్డాడు. ఆయన కాలు తగిలి చెంబు దొర్లి, నీళ్ళన్నీ మట్టిలో ఇంకిపోయాయి.

"నాయినా! ఇడువు! నాయినా, బ్లేడ్లు తిరుగుతున్నయే!" అని అరిచాడు.

ఎవరికి వినపడాలి? అత్త గుండెలు బాదుకుంటోంది. భీమయ్య వచ్చి అన్న నడుము పట్టుకున్నాడు, కదిలించలేకపోయాడు. వేళ్ళకు, మూతికి జానెడు దూరం. అందరూ నా వైపు చూశారు. తాళం నా చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది.

నేను వెంటనే తిప్పలేదు. ఆ మొహంలో ఆ భయం పూర్తిగా చూడాలనిపించింది. చూశాను. అప్పుడు తిప్పాను.

ఇంజను ఆగింది. లోపల బ్లేడ్లు గరగరమని ఇంకా తిరిగి, తిరిగి, నిలబడ్డాయి. అప్పుడు గానీ మామ కొడుకు చెయ్యి వదల్లేదు. వదిలి నా దగ్గరికి వచ్చాడు. నా తల మీద చెయ్యి పెట్టాడు. అయిదు వేళ్ళూ తగిలాయి నాకు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"మంచిగ తన్నినవ్ బిడ్డా" అన్నాడు.

పెద్దమనుషులు కుర్చీల్లోంచి లేచి చెప్పులు వెతుక్కోసాగారు. మా ఆయన మట్టిలోనే కూలబడి, తన చేతిని రెండో చేత్తో తడుముకుంటున్నాడు.

"నన్ను సంపుదామనుకున్నవా ఏందే? తాళం పక్కకే ఉంటివి గదా! జల్దీ బందు చెయ్యద్దా?" అన్నాడు.

"సీటు మీద ఎవ్వరు లేరు గదా. స్ప్రింగు ఏపిచ్చినవ్ గదా. అదే ఆగుతదిలే అనుకున్న" అన్నాను.