బేరంలో మొదటి మాట

షావుకారు ఇనుప సామాన్ల కొట్టులో మేకు మొదలుకొని తలుపు గొళ్లెం దాకా దేనికీ మొదటి ధర చివరి ధర కాదు. ఆయన ఎక్కువ చెబుతాడు, కొనేవాడు తక్కువకు అడుగుతాడు, ఇద్దరూ మధ్యలో ఎక్కడో కలుసుకుంటారు. ఇంట్లో ఆకలి సంగతి కూడా ఆయన అలాగే పెంచి చెబుతాడని భార్య ఎత్తిపొడుస్తుంటుంది.

కొట్టు మీది గదిలో అద్దెకుండే మనిషిని వీధంతా సిపాయన్న అంటుంది. సైన్యంలో మోకాలు పాడుచేసుకుని వచ్చినవాడు. కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మారడంలో పింఛను ఆగింది. దాంతో అద్దె కూడా ఆగింది. ఈలోగా ఒక మందుల ఏజెంటు ఆ గదికి ఎక్కువ ఇస్తానన్నాడు. షావుకారు మనసులో త్రాసు కాస్త అటు మొగ్గింది. అయినా సిపాయన్నను నిజంగా వెళ్లగొట్టాలని లేదు. కొంచెం బెదిరిస్తే ఎక్కడైనా డబ్బు సర్దుబాటు చేస్తాడనుకున్నాడు.

పొద్దున్నే మెట్ల కింద నిలబడి అన్నాడు: "సాయంత్రానికల్లా గది ఖాళీ చేసెయ్యి సిపాయన్నా."

తర్వాత రావలసిన మాటలన్నీ ఆయనకు తెలుసు. అతను నెలాఖరు దాకా ఆగమంటాడు. తాను మొహం ముడుచుకుంటాడు. ఎంతో కొంత చేతిలో పడుతుంది.

సిపాయన్న మడమలు దగ్గరికి చేర్చి, "అలాగేనండి" అన్నాడు. అంతే.

గట్టివాడే, సాయంత్రానికి దిగొస్తాడులే అనుకుని షావుకారు కొట్టు తెరిచాడు.

మధ్యాహ్నం సిపాయన్న కొట్టుకొచ్చి కుళాయికి రబ్బరు వాషరు అడిగాడు. బేరం ఇక మొదలవుతుందని షావుకారుకు లోలోపల హుషారు. కావాలనే ధర పెంచి చెప్పాడు. సిపాయన్న చెప్పినంతా ఇచ్చి, కుంటుకుంటూ మెట్లెక్కాడు.

సాయంత్రం పైనుంచి భార్య పిలిచింది. "ఏమండీ, ఒకసారి ఇలా రండి."

గది తుడిచి ఉంది. తాళంచెవి మేకుకు వేలాడుతోంది. కుళాయి కారడం లేదు. దాన్ని బాగుచేయించమని సిపాయన్న ఎప్పటినుంచో అడుగుతుంటే, కింద డబ్బా నిండా వాషర్లు పెట్టుకుని "చూద్దాం" అంటూ వచ్చింది షావుకారే.

"ఆయనతో ఏమన్నారు?"

"ఊరికే ఒక మాటన్నాను..."

"మీ మొదటి మాటే నిజమనుకునే వాళ్లూ ఉంటారండీ. బతుకంతా చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషాయన."

"ఎవరైనా చుట్టాల దగ్గరికి వెళ్లుంటాడు."

"చుట్టాలుంటే ఇన్నాళ్లూ మీ కుళాయి చప్పుడు వింటూ ఎందుకు పడుంటాడు?"

షావుకారు వెతుక్కుంటూ వెళ్లేసరికి, బజారు చివర బస్సులాగే చోట, రేకుల కింద, సిపాయన్న తన పెట్టె మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. బస్సొకటి వచ్చి వెళ్లిపోయింది. లేవలేదు.

"ఏ బస్సుకి?" అన్నాడు షావుకారు.

"ఇంకా అనుకోలేదండి."

"పద, ఇంటికి పోదాం. పొద్దున నేనన్నది ఉత్తినే."

"ఉత్తినే అంటే?"

కొట్టులో అయితే ఆ మాటకు అర్థం అడిగేవాళ్లుండరు. ఇక్కడ చెప్పక తప్పలేదు. షావుకారు నేల చూస్తూ అన్నాడు: "బెదిరిస్తే బతిమాలతావనుకున్నాను."

సిపాయన్న పెట్టె మీదే ఇటు తిరిగాడు.

"బతిమాలొచ్చని తెలీలేదండి. తెలిస్తే బతిమాలేవాణ్ణే. నాకు పోయే చోటు లేదు."

అందులో నిష్ఠూరం లేదు. ఉండుంటే షావుకారు తట్టుకునేవాడే.

"పింఛను వచ్చాకే అద్దె ఇవ్వు."

"అది ఆలస్యమైతేనండీ?"

అలవాటుగా నాలుక చివరికి ఒక గడువు వచ్చింది. షావుకారు దాన్ని మింగేశాడు. "ఆలస్యంగానే ఇవ్వు."

"ఇది మీ మొదటి మాటా, చివరి మాటా?" సిపాయన్న వేళాకోళానికి అడగలేదు, తెలుసుకోవడానికే అడిగాడు.

"చివరిదే."

షావుకారు వంగి పెట్టె ఎత్తాడు. రోజూ ఇనుము మోసే చేతులు బరువనుకుని బిగుసుకున్నాయి. ఒక మనిషి సామానంతా మేకుల డబ్బా పాటి కూడా లేదు.

"ఏం షావుకారూ, ఊరికి ప్రయాణమా?" టీకొట్టువాడు నవ్వుతూ అడిగాడు.

షావుకారు పెట్టె భుజం మార్చుకుని, ఆ కుంటి నడక వెనకే నడిచాడు.