తొంభై అయిదు దగ్గర ఆగిన రాడ్

బెంచీ మీద పడుకుని బరువులెత్తే ఇన్సాఫ్ చలికాలం నుంచీ తొంభై అయిదు కిలోల దగ్గరే చతికిలబడింది. వంద పెడితే చాలు, రాడ్ ఛాతీ మీంచి జానెడు లేచి మొండికేసేది. మాంసం ఎక్కువ తిని చూసింది, తగ్గించి చూసింది. రోజూ ఎత్తింది, రోజు విడిచి రోజు ఎత్తింది. ఏం చేసినా అదే జానెడు. ఒళ్ళు మండిపోదూ మరి!

గురువారం వడపోత పోటీ. వంద ఎత్తకపోతే ఈజిప్టు జట్టులో చోటు పోతుంది. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీ పాలైన మనిషి. వాళ్ళ ఊరు టాంటా వీధుల్లో అందరూ ఆమె కాళ్ళకేసి చూసి అయ్యో పాపం అనేవాళ్ళే. ఆ కాళ్ళను బెంచీకి పట్టీలతో కట్టేసి పడుకున్నాక మాత్రం జనం ఆమె చేతులకేసి చూసేవారు. ఆ మెచ్చుకోలు చూపు వదులుకోవడం ఆమె వల్ల కాదు.

మంగళవారం, శిక్షణ ఇచ్చే కెప్టెన్ వగ్దీ ఆమె తల పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఇన్సాఫ్ వంద దించింది. రాడ్ ఛాతీకి తాకగానే "యా రబ్!" అని దేవుణ్ణి పిలిచి, జిమ్ము అదిరేలా అరిచి నెట్టింది. జానెడు లేచి ఆగింది. రాడ్ మీద పడకుండా వెనక కాపలా నిలబడ్డ జిమ్ము కుర్రాడు జైన్‌హుమ్ అందుకుని పైన పెట్టాడు.

"ఈసారి అరవకుండా ఎత్తు," అన్నాడు కెప్టెన్.

"అదేంటి కెప్టెన్! దేవుడి పేరు తలవకుండానా?"

"తలుచుకో. దించకముందే తలుచుకో. రాడ్ ఛాతీ మీద పెట్టుకుని నోరు తెరిస్తే బిగబట్టిన గాలంతా పోతోంది. గాలి లేని టైరు మీద లారీ నడుస్తుందా?"

"ఈ జిమ్ములో అందరూ నెట్టేటప్పుడే అరుస్తారు కదా!"

"అందరూ తప్పే చేస్తున్నారు. దేవుడికేం చెవుడు లేదు తల్లీ, నోరు మూసుకున్నా వింటాడు."

జైన్‌హుమ్ పళ్ళికిలించాడు. "ఇన్సాఫ్ అక్క నోరు మూయించడమా? దానికంటే వంద ఎత్తించడమే తేలిక!"

"నీ మొహం! ముందు నీ బొజ్జ ఎత్తుకో," అంది ఇన్సాఫ్.

నవ్వింది గానీ లోపల గుబులే. ఆ పిలుపు లేకుండా ఆమె ఎప్పుడూ బరువు ఎత్తలేదు. అంత ఇనుము కింద ఒంటరిగా ఉండాలంటే భయం వేసింది. బుధవారం నోరు మూసుకుందామనుకుంటూనే మళ్ళీ అరిచేసింది.

గురువారం తొంభై అయిదు సులువుగానే లేచింది. వంద దగ్గర పాత అలవాటే గెలిచింది. అరిచింది, రాడ్ ఆగింది. మూడు అవకాశాల్లో ఇక మిగిలింది ఒక్కటే.

జైన్‌హుమ్ మొహం పాలిపోయింది. కెప్టెన్ మాత్రం దూరం నుంచి తన పెదాలు రెండూ వేళ్ళతో నొక్కిపట్టి చూపించాడు. ఇన్సాఫ్‌కు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. గుండెల నిండా గాలి పీల్చి పళ్ళు బిగించింది. రాడ్ దిగింది. ఛాతీ మీద కదలకుండా ఆగింది. నెట్టింది. జానెడు లేచి, అలవాటైన చోటే మొరాయించింది. పిలుపు గొంతుదాకా తన్నుకొచ్చింది. మింగేసింది. మోచేతులు వణుకుతూనే సాగాయి, ఇంకా సాగాయి, నిటారుగా బిగుసుకున్నాయి.

ఎత్తు చెల్లిందంటూ న్యాయనిర్ణేతల మూడు తెల్ల దీపాలూ వెలిగాయి.

జైన్‌హుమ్ గంతులేశాడు. కెప్టెన్ పట్టీలు విప్పుతూ ఏడ్చేశాడు, దాచుకోనైనా లేదు. ఇన్సాఫ్ మాత్రం పడుకునే కళ్ళు పెద్దవి చేసింది.

"అయ్యో కెప్టెన్! కంగారులో ముందు తలుచుకోవడం కూడా మర్చిపోయాను. ఈసారి ఆయన్ని అడగనేలేదు!"

"అడక్కపోతేనేం," అన్నాడు కెప్టెన్ ముక్కు తుడుచుకుంటూ, "ఇచ్చాడుగా."