నకిలీ పొడి

కంబన్న మోకాళ్ల మీద కూర్చుని, ప్రింటరు చిన్న తెర మీద గీత మెల్లగా నిండుతుంటే చూస్తున్నాడు. అది నిండేదాకా కరెంటు తీయకూడదు, ఎవరూ ప్రింటు కొట్టకూడదు. వద్దని చెప్పినా కొట్టేవాళ్లుంటారు కనుక పక్కనే కాపలా కాయాలి. కడపలోని ఆ సర్కారు ఆఫీసులో ప్రింటర్లన్నీ ఒకే నెట్‌వర్కుకు తగిలించి ఉన్నాయి. వాటిని లోపలినుంచి నడిపించే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. దాన్ని ఈ రోజే కొత్తది చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. పైనుంచి వచ్చినదాన్ని అడిగే అలవాటు ఆ ఆఫీసులో లేదు.

కంబన్నది కాంట్రాక్టు ఉద్యోగం. అచ్చుపొడి అయిపోయిన టోనర్ డబ్బాలను డాబా మీదికి మోసుకుపోయి, మూత ఊడదీసి, కొత్త పొడి నింపి తేవడం అతని అసలు పని. బక్కపలచటి మనిషి, యాభై దాటాయి. ఆ నల్లపొడి గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో ఇంకిపోయింది. సబ్బుకు లొంగదు, కిరసనాయిలుకు లొంగదు. చేయి పెడితే అన్నం నల్లబడుతుందని చెంచాతో తింటాడు. దొరగారి భోజనమైందా అని గుమాస్తాలు ఎకసెక్కాలాడతారు. వాళ్లు అచ్చేసుకునే ప్రతి అక్షరమూ ఆ చేతి మీదుగా వచ్చిందేనని ఒక్కడికీ తట్టదు.

అతనిది ఆదోని దగ్గర పల్లె. డబ్బును దుడ్లు అంటాడని ఇక్కడ నవ్వుతారు. ఊళ్లో ఉన్నప్పుడు ఒక ఏడు పత్తి వేశాడు. చెట్లు నడుమెత్తు పెరిగి పచ్చగా నిగనిగలాడాయి. ఒక్క కాయ పట్టలేదు. నకిలీ విత్తనాలు. అమ్మినవాడు అంగడి మూయలేదు, తల దించుకోనూ లేదు. కంబన్నే చేను కౌలుకిచ్చి ఊరొదిలాడు. భార్య మహాదేవమ్మ ఇప్పటికీ బజార్లో కందిపప్పు కొన్నా ఒక బద్ద కొరికి చూస్తుంది. ఆ ఇంట్లో అన్నిటికంటే పెద్ద తిట్టు నకిలీ అన్న మాటే.

మధ్యాహ్నానికి ప్రింటర్లన్నిటికీ కొత్త ప్రోగ్రాము ఎక్కింది. అంతే, ఒకదాని వెనక ఒకటి పని మానేశాయి. కంప్యూటర్ సెక్షన్‌లోని శివలీల తెర మీది ఇంగ్లీషు చదివి, కంబన్నకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పింది.

“నకిలీ టోనర్ అంటాంది కంబన్నా. కంపెనీ డబ్బా పెడితేనే కొడతాదంట.”

చేత్తో నింపిన డబ్బాలను ఆనవాలు పట్టి తోసేయడమే ఆ కొత్త ప్రోగ్రాము చేసే ఘనకార్యం. శివలీల చెడ్డది కాదు, నోటికి అందిన మాట అన్నది. కానీ టీ వేళకల్లా ఆ మాట వరండా దాకా పాకింది. కంబన్న నకిలీ పొడి పోశాడంట, అందుకే కాగితాలు రావడం లేదంట అన్నారు. సర్టిఫికెట్ల కోసం పొద్దున్నుంచి కూర్చున్న కమలాపురం రైతులు తలతిప్పి అతన్ని చూశారు. ఆ చూపు కంబన్నకు కొత్త కాదు. విత్తనాల అంగడి ముందు నిలబడి ఒకప్పుడు తనూ అలాగే చూశాడు. ఇప్పుడు అంగడివాడి చోట తను నిలబడ్డాడు. ఒళ్లు మండిపోయింది.

సూపరింటెండెంటు నారాయణ గదిలోకి పిలిపించాడు.

“ఏమప్పా, ఇన్నేండ్లూ మాకు నకిలీ సరుకు పోస్తా వచ్చినావా?”

“నిన్నటిదాకా ఇదే పొడి సార్. నిన్న లేని నకిలీ ఈ పొద్దు యాడనుంచి వచ్చె?”

“నేనంటాండేది కాదప్పా. మిషన్ అంటాంది.”

“మిషన్‌కు ఆ మాట నేర్పిచ్చింది ఈ చెయ్యే సార్. మీరు నేర్పమంటేనే నేర్పిచ్చినా. పని లేదంటే పోతా. నకిలీ అని మాత్రం అనొద్దు.”

నారాయణ ఫైలు తెరిచి, తల ఎత్తకుండా మిగతాది చెప్పాడు. ఇక కంపెనీ డబ్బాలే కొంటారట. రేపటినుంచి కంబన్న రానక్కర్లేదని, అతన్ని పనికి పంపే ఏజెన్సీకి చెప్పేశాడట. ఇందులో ఎవరి తప్పూ లేదట. ఎవరి తప్పూ లేకుండానే ఒక మనిషి నోటిముందు కూడు లాగేయొచ్చు, పైగా దొంగసరుకువాడని పేరూ పెట్టొచ్చు! అన్న మాట వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఆయనకు పెదవి కదలలేదు.

కంబన్న వరండాలోకి వచ్చి రైతుల ముందు ఆగాడు.

“ముందర మీకిచ్చిన కాగితాలు చూసుకోండి. అవన్నీ నా పొడితో కొట్టినవే. నాది నకిలీ కాదు.”

ఒక ముసలాయన సంచిలోంచి పాత సర్టిఫికెట్టు తీశాడు. వేలు తడిచేసుకుని అక్షరాల మీద గట్టిగా రుద్ది, వేలిని వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. నలుపేమీ అంటలేదు. ఆ సంగతి చెబుదామని తల ఎత్తేసరికి కంబన్న గేటు దాటి ఆటోల మధ్య కలిసిపోయాడు.

డాబా మీద పిట్టగోడకు, పొడి నింపేటప్పుడు అతను మొహానికి కట్టుకునే తువ్వాలు ఎండలో బిరుసెక్కి వేలాడుతోంది. ఎన్నిసార్లు ఉతికినా పోని రెండు నల్లటి మరకలు, సరిగ్గా ముక్కుపుటాలు ఆనేచోట.